ఎగతాళి పాటకు ఓబులమ్మ పెట్టిన షరతులు

ఉద్యోగ విరమణ అనగానే నెరిసిన జుట్టు, పింఛను కాగితాలు, ఉదయపు నడక గుర్తుకొస్తాయి. ఈ మూడింటిలో నాకు ఒక్కటీ లేదు. నలభై నిండకుండానే పాట నుండి విరమించిన మనిషిని నేను. కారణం గొంతు కాదు, మోకాళ్లు. మా మహిళా పాటల బృందంలో పాడటమంటే మైకు ముందు నిలబడి పాడటం కాదు. కాళ్లకు గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, పల్లవికొకసారి వంగి, చరణానికొకసారి ఎగిరి పాడటం. రాళ్ల నేల మీద ఏళ్ల తరబడి అలా ఎగిరితే ఏమవుతుందో అనంతపురంలో ఒక ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి వివరించాడు.

"మీరు చేసే పనేమిటమ్మా?" అని అడిగాడు.

"స్త్రీల హక్కుల మీద పాటలు పాడతానండి."

"హక్కులు కూర్చుని అడగకూడదా?"

కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచిన దాన్ని నేను. అయినా ఎక్స్‌రే కవరులో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

వీడ్కోలు సభలో శాలువా కప్పారు. బృందం ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎన్ని ప్రదర్శనలిచ్చిందో చదివి వినిపించారు. ఆ లెక్కలు రాసింది నేనే కనుక, వాటిని పెద్దగా నమ్మవద్దని చెప్పే అర్హత కూడా నాదే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలకు పనికొచ్చేదేదీ వాటిలో లేదు. పనికొచ్చేది మా బృందాన్ని నడిపిన సరోజక్క దగ్గర కొంత ఉంది, మా ముందుపాటగత్తె ఓబులమ్మ దగ్గర కొంత ఉంది, ఓబులమ్మ మేనకోడలి పెళ్లిలో జరిగిన ఒక రగడలో చాలా ఉంది. ఆ పెళ్లిలో తేలవలసిన సంగతి ఒక్కటే. భర్త పోయిన ఓబులమ్మ, తాను ఎత్తుకుని పెంచిన పిల్లకు తలంబ్రాల పాట పాడవచ్చునా, కూడదా? అక్కడికి వెళ్లేముందు, నేను ఎలాంటి ఆయుధాలతో ఈ వృత్తిలోకి దిగానో కొంచెం చెప్పాలి.

పల్లవి లేని పాట

సరోజక్క ఒకప్పుడు బడిపంతులమ్మ. ఆ పని మానేసినా ఎర్రసిరా మానలేదు. నేను చేరిన వారమే, ఆడవారికి మగవారితో సమానంగా కూలి ఇవ్వాలని ఒక పాట రాయమంది. నేను శ్రద్ధగా రాశాను. మొదటి చరణంలో ప్రతిపాదన. రెండో చరణంలో ప్రత్యర్థులు లేవదీయగల అభ్యంతరాలు. మూడో చరణంలో వాటి ఖండన. నాలుగో చరణంలో ఉపసంహారం. నల్లమాడ దగ్గర ఒక వేరుశనగ చేనులో ఆడవారు కాయ పీకుతుండగా గట్టు మీద నిలబడి అంతా పాడాను. చేనులో ఒక్క చేయి ఆగలేదు. పాట అయిపోయాక ఒక ముసలామె నడుము నిలబెట్టి నన్ను జాలిగా చూసింది.

"అయిపాయనా పాపా? పరీచ్చ ఎప్పుడు?"

సరోజక్క నా కాగితం తీసుకుని చదివింది. "ముందుమాటుండాది, ముగింపుండాది. పల్లవి యాడుండాది?"

అప్పుడు ఓబులమ్మ ముందుకొచ్చింది. యాభై దాటిన మనిషి, ఎర్రటి నోరు, కొంగు నడుముకు బిగించిన తీరు చూస్తే కుస్తీకి దిగుతుందేమో అనిపించేది. తన గొంతు మీద ఆమెకు అపారమైన గౌరవం. జలుబు చేసిన రోజు కూడా, "ఈరోజు నా గొంతు మామూలు మనుషుల గొంతు మాదిరి ఉండాది" అని చెప్పుకునేది. నా నాలుగు చరణాల్లో నుంచి ఒకే ఒక్క మాట తీసుకుని, మిగతాది అక్కడే గట్టు మీద వదిలేసి, ఎత్తుకుంది:

*చెనిక్కాయ పీకేటి చెయ్యి సగమా?*
*చెమట సగమా, మా ఆకలి సగమా?*

వంగి ఉన్న ఆడవారు వంగే ఉండి, "సగమా, సగమా?" అని వంత పట్టారు. పొద్దు వాలేలోగా ఆ వంత పక్క చేనుకు కూడా పాకింది. వాదనలో ఎదుటివాడికి సందివ్వకపోవడమే నేర్పు అని నేను చదువుకున్నాను. పాటలో ఎదుటివారు దూరేందుకు సందు వదలాలి. ఈ రెండు అలవాట్లు ఒకే మనిషిలో ఇమడటానికి నాకు చాలా కాలం పట్టింది. పూర్తిగా ఇమిడాయని ఇప్పటికీ చెప్పలేను.

సందు వదిలినంత మాత్రాన సరిపోదు, అందులోకి ఎవరు దూరుతున్నారో చూసుకోవాలి. చిలమత్తూరు వైపు ఒక ఊళ్లో సారాయి మీద పాట పాడాం. దరువు బ్రహ్మాండంగా కుదిరింది. మొట్టమొదట వంత పట్టినవారు తాగి వచ్చిన మగవారే. "తాగకన్నా, తూలకన్నా" అని మేమంటే, "తాగకన్నా, తూలకన్నా" అని వారు తూలుతూ పాడారు. ఒకాయన కన్నీళ్లు తుడుచుకుంటూ సరోజక్క దగ్గరికొచ్చి, "అక్కా, శానా బాగుండాది. రేపు మా అంగడి కాడ కూడా పాడల్ల" అని బతిమాలాడు. ఆయన చెప్పిన అంగడి సారాయి అంగడే. ఆ పాటకు ఉన్నంత ఆదరణ మా పాటల్లో మరి దేనికీ రాలేదు. దాన్ని మేమే ఆపేశాం.

మైకు, చీపురు

మా పాటల్లో భర్త పోయిన స్త్రీల గురించి ఒకటి ఉండేది. బొట్టు తుడిచేవారిని, గాజులు పగలగొట్టేవారిని నిలదీసే పాట. ఓబులమ్మ పాడితే ఆడవారు ఏడ్చేవారు, మగవారు చెప్పులు వెతుక్కునేవారు. ఆమె భర్త జ్వరంతో పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. బృందంలోకి రాకముందు ఆ చుట్టుపక్కల పెళ్లి పాటలంటే ఓబులమ్మే. భర్త పోయిన నాటి నుంచి సొంత ఊళ్లో ఏ పెళ్లికీ ఆమెను పాటకు పిలవలేదు. పనికి మాత్రం పిలిచేవారు.

"బయట ఊర్లలో నాకు మైకిస్తారు. మా ఊర్లో చీపురిస్తారు" అని తనే చెప్పి నవ్వేది.

ఆమె తమ్ముడు ఈరన్న కూతురు లలిత పెళ్లి కుదిరింది. వరుడిది చిలమత్తూరు దగ్గర ఊరు. పాల బండి నడుపుతాడు, మంచి పిల్లవాడని చెప్పారు. ఆ కబురు వచ్చిన రోజు ఓబులమ్మ వక్కాకు కూడా వేసుకోలేదు.

"దానికి జోల పాడింది నేను. అన్నం తినిపిస్తా పాడింది నేను. తలంబ్రాల పాట నేనే పాడల్ల" అంది. "మా ఇంట్లోనే నన్ను గోడ పక్కన నిలబెడితే, ఇంగ ఊరూరికీ పోయి ఆ మొగుడు పోయినోళ్ల పాట ఏ మొగం పెట్టుకోని పాడేది సరోజా? ఆ పాట నేను మళ్ల ఎత్తుకోను. గజ్జెలు కూడా నీకే ఇచ్చేస్తా."

ఆమె ఊరికే బెదిరించే మనిషే. అయితే బెదిరించేటప్పుడు చేతులు తిప్పుతూ అరుస్తుంది. ఆ రోజు చేతులు ఒళ్లో ఉన్నాయి.

నేను గెలిచిన వాదన

అడ్డు చెబుతున్నది ఓబులమ్మ కన్నతల్లి చెన్నమ్మవ్వ. ఆమె కూడా భర్త పోయిన మనిషే. ఈరన్నను అడిగితే, "నాదేముండాదక్కా, అమ్మ ఎట్ల చెప్తే అట్ల" అని చేతులెత్తేశాడు. కనుక సరోజక్క, నేను కలిసి అవ్వ దగ్గరికే వెళ్లాం. బస్సులో ప్రశ్నలు వరుసగా సిద్ధం చేసుకున్నాను. సరోజక్క కిటికీ వైపు తిరిగి నిద్రపోయింది.

అవ్వ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. నేను నేల మీద కూర్చుని మొదలుపెట్టాను.

"అవ్వా, భర్త పోయినాక మీ ఓబులమ్మ గొంతు ఏమన్నా చెడిందా?"

"యాడ చెడింది? ఇంగా పెరిగింది. రోడ్డు మీద మాట్లాడితే ఈడికి ఇనపడతాది."

"ఆయన పోవడంలో ఆమె తప్పుందా?"

"జొరమొచ్చి పోయినాడు. దానిదేం తప్పు పాపా?"

"పెండ్లిళ్లలో పాట పాడిన ముత్తైదువల ఇండ్లలో మగవాళ్లెవరూ పోలేదా?"

అవ్వ గింజలు పక్కన పెట్టి, వేళ్లు మడిచి తలుచుకుంది. "శానామందే పోయినారు."

"అంటే ముత్తైదువ పాడినంత మాత్రాన ప్రమాదం తప్పదు, ఓబులమ్మ పాడినంత మాత్రాన రాదు. అవునా?"

"అవును. నువ్వు చెప్పేదంతా నిజమే."

నేను సరోజక్క వైపు ఒకసారి చూశాను. గెలుపు దగ్గరపడినప్పుడు న్యాయనిర్ణేతల వైపు చూడటం నాకు కాలేజీ నుంచి ఉన్న అలవాటు.

"అయితే ఓబులమ్మ పాడొచ్చు గదా?"

"కూడదు" అంది అవ్వ. "కాపీ తాగుతావా?"

కాలేజీలో ప్రత్యర్థి మన వాదన ఒప్పుకుంటే కప్పు ఇస్తారు. చెన్నమ్మవ్వ ఒప్పుకుని కాఫీ ఇచ్చింది. పంచదార కూడా ఎక్కువే వేసింది.

బస్సు కోసం నిలబడినప్పుడు ఈరన్న వెంటవచ్చి అసలు సంగతి చెప్పాడు. "రేపు ఆ పిల్లోనికి బండి మింద యాడన్నా దెబ్బ తగిలినా, మేనత్త పాడింది, అందుకే అయ్యిందంటారమ్మా. మా అమ్మ భయం అది. మీ ప్రశ్నల్లో ఆ భయం లేదు."

నిజమే, లేదు. నేను అవ్వ నమ్మకాన్ని ఓడించాను. అవ్వ నిలబడిన చోటు అది కాదు. ఊరి నోటికి జడిసి కూతుర్ని ఆపుతున్న తల్లితో తర్కం ఎంతసేపు చేసినా, ఆమె మన తర్కాన్ని మెచ్చుకుంటూనే ఉంటుంది.

"బాగా గెలిచినావు" అంది సరోజక్క. "ఇంగ బస్సెక్కు."

పప్పులో నీళ్లు

ఆ వైపు పెళ్లిళ్లలో ముహూర్తానికి ముందు రోజు మధ్యాహ్నం మగపెళ్లివారు భోజనాలకు బంతిలో కూర్చుంటారు. వారు ఆకు ముందు కూర్చోగానే ఆడవారి ఎగతాళి పాటలు మొదలవుతాయి. ఆ సేపు ఎవరు ఎవరినైనా అనవచ్చు. వియ్యంకుడి బట్టతల, వియ్యపురాలి పిసినారితనం, పెద్దల మీసాలు, చిన్నల చదువులు దేనికీ మినహాయింపు లేదు. కోపం తెచ్చుకున్నవారు ఓడినట్టు. జవాబు పాడలేకపోయినవారు కూడా ఓడినట్టే. ఆడపెళ్లివారు ఓడితే పిల్ల తల్లి తాంబూలం పళ్లెం తీసుకెళ్లి అవతలి పాటగత్తె చేతిలో పెట్టి ఓటమి ఒప్పుకోవాలి. దానితో అయిపోదు. గెలిచిన పాట పిల్లతో పాటు అత్తవారింటికి వెళుతుంది. ఆ ఇంట్లో ఏ పండగ వచ్చినా దాన్ని పాడి నవ్వుతారు.

మా బృందమంతా పెళ్లికి వెళ్లాం. ఓబులమ్మకు పెరట్లో ఓళిగల, అంటే బొబ్బట్ల, పొయ్యి దగ్గర పని అప్పజెప్పారు. పందిట్లోకి రాకూడదని ఎవరూ నోటితో చెప్పలేదు. అంత పెద్ద పెనం ముందు పెట్టాక చెప్పనవసరం కూడా లేదు. చెన్నమ్మవ్వ తన అలవాటు ప్రకారం మూటలున్న గదిలో, కిటికీ పక్కన, ఎవరికీ కనపడకుండా, అందరికీ ఆజ్ఞలు వినపడేలా కూర్చుంది.

మగపెళ్లివారు తమ వెంట గంగరత్నమ్మ అనే ఆమెను తెచ్చుకున్నారు. వక్కాకు నములుతూ, పప్పు ఒకసారి వేలితో తాకి, గరిటె ఎత్తి వదిలి చూసి, తాపీగా ఎత్తుకుంది:

*ఊరి బోర్లన్ని చూసొస్తిమి, చుక్క నీళ్లు లేవు గదె*
*ఉన్న నీళ్లన్ని బీగులారా, మీ పప్పులోనె దాగె గదె!*

మగపెళ్లివారి బంతి అంతా "దాగె గదె, దాగె గదె" అని ఆకుల మీద చరిచింది. బీగులంటే వియ్యాలవారు. నిజానికి ఆ రోజు పప్పు కొంచెం పలచగానే ఉంది.

మా వైపు ఆడపిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. వారికి సినిమా పాటలు తప్ప మరేమీ రావు. ఒకమ్మాయి ఫోనులో ఏదో పెట్టబోతే దానిలో ముందు ప్రకటన వచ్చింది. ఎరువుల ప్రకటన. బంతి మరింత నవ్వింది. గంగరత్నమ్మ రెండోది, మూడోది అందుకుంది. పిల్ల తల్లి తాంబూలం పళ్లెం వైపు బిత్తరగా చూస్తోంది.

మూటల గది కిటికీలోంచి చేయి బయటికొచ్చి నన్ను పిలిచింది.

"పాపా, నువ్వు పాటలమ్మవి గదా. పోయి జవాబు చెప్పు. లలితమ్మ ఆ ఇంట్లో పప్పు చేసిన ప్రతిసారీ ఈ పాట ఇనల్ల. పో."

వెళ్లాను. కొంగు బిగించి పాడాను కూడా. పప్పులో నీటి పాళ్లు ఎంతో నిరూపించకుండా ఆరోపణ చేయడం తగదనీ, భూగర్భజలాలు అడుగంటడానికి బాధ్యులు వంటవారు కాదనీ దాని సారాంశం. ఇప్పటికీ ఆ వాదనలో లోపం కనిపించదు.

గంగరత్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏమప్పా, పెండ్లికి వకీలమ్మను గూడా పిలిచినారే! వాయిదా ఎప్పుడమ్మా?"

ఆ నవ్వు పెరట్లోకి కూడా వినపడింది. పొయ్యి దగ్గర ఓబులమ్మ ఓళిగ తిప్పుతూ, నా వైపు చూడకుండా, "పల్లవి యాడుండాది?" అంది.

రాయబారం

కిటికీ దగ్గర మళ్లీ చేయి ఊగింది. చెన్నమ్మవ్వ ముఖం ఎర్రబడింది.

"ఆ ఓబుల్ని పాడమను" అంది. "గోడ ఎనకాల నిలబడి పాడమను. మనిషి కనపడకూడదు."

నేను పెరట్లోకి వెళ్లి చెప్పాను. ఓబులమ్మ పెనం మీద నూనె చల్లింది.

"గోడెనక పాడేదానికి నేనేమన్నా రేడియోనా? పందిట్లో ముందర కూచోబెడితేనే పాడతా."

మళ్లీ కిటికీ దగ్గరికి. అవ్వ పళ్లు కొరికింది. పందిట్లో గంగరత్నమ్మ పెళ్లికూతురి తండ్రి చొక్కా మీదికి దిగింది. అవ్వ కళ్లు మూసుకుని వింది.

"సరే. కూచోమను. ఎగతాళి వరకే. రేపు తలంబ్రాలకు మాత్రం దూరంగుండల్ల."

నేను ఆ మాట మోసుకెళ్లాను. ఓబులమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"తిట్టేదానికి పనికొస్తా, దీవించేదానికి పనికిరానా?" అంది. గొంతు పెంచలేదు. "పోయి ఈ మాట అట్లనే చెప్పు. నీ మాటలు కలపద్దు."

కలపలేదు. నా వృత్తి జీవితంలో ఇంకొకరి వాక్యాన్ని సవరించకుండా చేరవేసిన సందర్భాలు తక్కువ. చెన్నమ్మవ్వ ఆ మాట విని కిటికీ చువ్వ పట్టుకుని పందిట్లోకి చూసింది. పిల్ల తల్లి పళ్లెంలో తమలపాకులు పేర్చడం ఇక్కడి నుంచి కనిపిస్తోంది.

"రేపు కూడా పాడమను" అంది చివరికి. "ఏమన్నా అయితే నేనే చెప్పుకుంటా ఊరికి. ముందు దాన్ని లెయ్యమను!"

నేను దాదాపు పరుగెత్తాను. ఓబులమ్మ లేవలేదు.

"ఇంగొకటుండాది. అమ్మ ఆ గదిలోంచి బయటికి రావల్ల. పందిట్లో నా పక్కన కూచోని వంత పట్టల్ల. ఈ పాటలన్నీ నాకు నేర్పింది ఆ యమ్మే. మా నాయన పోయిన నాడు నోరు మూసుకునింది. మళ్ల తెరవలేదు. నేనొక్కదాన్నే పోయి ఆడ కూచోను."

నేను సరోజక్కను పక్కకు లాగాను. "అక్కా, గెలిచేశాం. అడిగినదంతా వచ్చింది. ఇప్పుడు కొత్త షరతు పెడితే మొత్తం చెడుతుంది. ఇది వ్యూహాత్మకంగా తప్పు."

"నువ్వు గమ్మున పో" అంది సరోజక్క.

వెళ్లి చెప్పాను. నేను ఊహించినవి రెండే: అవ్వ తిట్టడం, లేదా తలుపు వేయడం. అవ్వ ఆ రెండూ చేయలేదు. "నాకు పాటలు గుర్తులేవు" అంది. "నా గొంతు చెడిపోయింది" అంది. "పెద్దముండని నన్ను జూసి నవ్వుతారు" అంది. అభ్యంతరాలు ఒకదాని వెంట ఒకటి తానే చెబుతూ, నేను ఖండిస్తానేమోనని నా ముఖంలోకి చూస్తోంది. జీవితంలో మొదటిసారి నేను నోరెత్తలేదు. అంతలో పందిట్లో గంగరత్నమ్మ గొంతు లేచింది. ఈసారి పాట, పెళ్లికూతురి అవ్వకు పప్పు వండటం ఎవరూ నేర్పలేదా అని.

"నాకా?" అంది చెన్నమ్మవ్వ.

తలుపు గోడకు కొట్టుకుంది. కొంగు తల మీదికి లాక్కుని, మూటలు దాటి, పెరటి గుండా వెళుతూ కూతురి భుజం మీద ఒక్కటి చరిచింది.

"లెయ్యే! ఓళిగలు మాడినా పరవాలేదు."

తల్లీ కూతుళ్లు పందిట్లో మొదటి వరుసలో కూర్చున్నారు. ఇద్దరు ముసలమ్మలు లేచి గోడ పక్కకు పోయారు. ఓబులమ్మ వారి వైపు చూడలేదు. మసిచేతులు చీరకు తుడుచుకుని, ఎత్తుకుంది:

*పప్పులో నీళ్లుంటె తప్పేమి బీగురాల?*
*నీళ్లకే గద మీరు నెలనాళ్లు ఎదురుచూస్తిరి!*
*బువ్వకని వస్తిరి, బుట్టలో చూస్తిమి,*
*బిందెలే తెస్తిరి, మూతలే మరిస్తిరి!*

నీళ్ల పప్పని నవ్వినవారే ఆ నీళ్లు మోసుకుపోవడానికి బిందెలు తెచ్చుకున్నారని ఎత్తిపొడుపు. "మరిస్తిరి, మరిస్తిరి" అని వంత వచ్చింది. చెన్నమ్మవ్వది. పెంకు మీద గోరు గీసినట్టు ఉంది ఆ గొంతు. తాళం ఒకచోట, మాట ఒకచోట. రెండో విడతకు కొంచెం దగ్గరపడింది. మూడో విడతలో ఓబులమ్మ ఊపిరి తీసుకునేందుకు ఆగితే, ఆ సందులో అవ్వ తానే దూరింది. బంతి చివర కూర్చున్న వరుడి తాతను చూపించి:

*మీసమెంత పొడుగు మామ, మీ చేను అంత లేదు గదె*
*వడ్డించిన నెయ్యంత మీ మీసాలకె పాయె గదె!*

తాత చేతిలో ముద్ద ఆగిపోయింది. కోపం తెచ్చుకుంటే ఓటమి. ఆయన మీసం తుడుచుకున్నాడు. నిజంగానే నెయ్యి ఉంది. గంగరత్నమ్మ నవ్వలేక, నమిలేది మింగలేక చేత్తో నోరు మూసుకుంది. పిల్ల తల్లి పళ్లెం తీసుకెళ్లి మళ్లీ లోపల పెట్టేసింది.

ఇక వారు ఆగలేదు. ఒక బంతి లేచి మరో బంతి కూర్చున్నా అటు గంగరత్నమ్మ, ఇటు తల్లీ కూతుళ్లు మానలేదు. గోడ పక్కకు పోయిన ముసలమ్మలు భోజనానికి వచ్చి కూర్చుని, చివరి పాటలకు వంత కూడా పట్టారు. వారి అభ్యంతరం ఆకలి వరకే నిలిచింది.

తలంబ్రాలు

ఉదయం ముహూర్తం. ఓబులమ్మ చిలకపచ్చ చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. పక్కన చెన్నమ్మవ్వ. లలిత, వరుడు దోసిళ్ల నిండా తలంబ్రాలు పట్టుకున్నారు. మేళం ఆగింది. పురోహితుడు తలూపాడు. ఓబులమ్మ నోరు తెరిచింది.

గాలి వచ్చింది. పాట రాలేదు.

గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించింది. కిర్రుమని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది. పొయ్యి పొగ, ఆ మీద పొద్దు వాలేదాకా సాగిన ఎగతాళి కలిసి గొంతును తినేశాయి. నేను ఆశగా అటువైపు గంగరత్నమ్మను చూశాను. ఆమె తన గొంతు చూపించి చేయి అడ్డంగా ఊపింది. ఆమెదీ అదే గతి.

వెనుక వరుసలో ఎవరో నెమ్మదిగా అన్నారు. "చూసినారా, దేవుడే ఆపినాడు."

ఆ మాట పందిరంతా పాకింది. ఓబులమ్మ తల దించుకుంది. నేను లేవబోయాను. యాదృచ్ఛిక సంఘటనకు దైవ కారణం అంటగట్టడంలోని హేత్వాభాసను గురించి నా దగ్గర మంచి వాదన ఉంది. సరోజక్క నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

ఓబులమ్మ తల్లి చేయి పట్టుకుని, వచ్చిన కాస్త గొంతుతో, "నువ్వెత్తుకోమ్మా" అంది.

"నేనా? నిన్న తిట్టు పాట, అది వేరే. ఇది తలంబ్రాలే..."

లలిత దోసిలి కిందికి దిగుతోంది. బియ్యం గింజలు జారుతున్నాయి. "అవ్వా, చేతులు నొస్తాండాయి. పాడు."

చెన్నమ్మవ్వ మనవరాలి చేతుల్ని చూసింది. ఆ తరువాత మొత్తంగా వెనక్కి తిరిగింది.

"ఎవురే అది, దేవుడు ఆపినాడనింది? ఓళిగలు మీరు తిని, పొగ దీనికి పెట్టినారు. మధ్యలో దేవుడేం చేసినాడు?"

అవ్వ ముందుకు తిరిగి, కళ్లు మూసుకుని, ఎత్తుకుంది. మొదటి పంక్తి గరగరమంది, రెండోది నిలబడింది, ఆ తరువాత అది ముసలి గొంతని నేను మరిచిపోయాను. ఓబులమ్మ శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ, చేత్తో తొడ మీద తాళం వేస్తూ వంత పట్టింది. వెనుక నుంచి ఒకరు, ఇద్దరు, చివరికి పందిరంతా ఆ వంతను అందుకుంది. లలిత తలంబ్రాలు పోసింది. వరుడు పోశాడు. ఇద్దరి దోసిళ్లూ ఖాళీ అయ్యాయి, మళ్లీ నింపారు, మళ్లీ ఖాళీ అయ్యాయి.

ఆ పాటకు ఎన్ని చరణాలున్నాయో అవ్వ అన్నీ పాడింది. పురోహితుడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. మూడోసారి చూడబోతే ఓబులమ్మ అతని వైపు చూసింది.